పొగగొట్టం, తెల్ల ధోతి

ఆ ఉదయం కృష్ణయ్య తన తెల్ల ధోతి మీద ఏడు మసిచుక్కలు లెక్కపెట్టాడు. లీలమ్మ లెక్కలో అవి ఆరే. ఏడోది పప్పుచారు మరక.

"పప్పుచారు నల్లగుంటదా?" అన్నాడు కృష్ణయ్య, ధోతిని వెలుతురుకు పట్టి.

"గిర్ని కాడ నిలబడి తింటె ఏదన్న నల్లగనే ఉంటది."

"మాట మార్చకు. దండెం పెరట్ల వద్దు, వాకిట్ల కట్టుమని ఎన్నిసార్లు చెప్పిన?"

"దండెమే ఎందుకు జరగాలె? నీ పొగగొట్టం జరగొద్దా?"

"గొట్టం మా బాపు పెట్టిండు."

"దండెం నేను కట్టిన."

మంచం మీద కూర్చొని తమలపాకులు తుడుచుకుంటున్న కృష్ణయ్య తల్లి నర్సింగమ్మ తల ఎత్తలేదు. "ఒకడు పెట్టినోని కొడుకు, ఒకతె కట్టినామె. నడుమ ధోతి ఏం పాపం చేసిందో," అంది.

ఎదురింటి యాదలక్ష్మి బిడ్డకు ఆ రోజు లగ్నపత్రిక రాస్తున్నారు. ఉతికిన ధోతి కట్టుకొని పెద్దమనిషిలా ముందువరసలో కూర్చోవాలని కృష్ణయ్య రాత్రే అనుకున్నాడు. చివరికి చుక్కలన్నీ కుచ్చిళ్లలోకి పోయేలా మడిచి కట్టుకొని, కుచ్చిళ్లు కదలకుండా నడుస్తూ వెళ్లాడు. ఆయన నడక చూసి పెండ్లివారిలో ఒకరు, కాలు బెణికిందా అని అడిగారట. ఆ మాట ఇంటికి వచ్చాక మొగుడూ పెళ్లాల మధ్య మాటలు ఆగిపోయాయి.

మాటలు ఆగిపోవడమంటే పూర్తిగా ఆగిపోవడం కాదు. నర్సింగమ్మ మీదుగా నడిచేవి. "అమ్మా, కూరల ఉప్పు తక్కువైందని చెప్పు." "అత్తా, నాలుకకు రుచి తప్పిందని చెప్పు." ఇద్దరూ ఆమెకు చెరోపక్కనే కూర్చునేవారు కాబట్టి ఆమె ఏదీ మళ్లీ చెప్పనవసరం లేకపోయేది. ఆకు నములుతూ ఊరుకునేది.

హాలియాలో ఆ రోజుల్లో కరెంటు చెప్పకుండా వచ్చి చెప్పకుండా పోయే చుట్టం. దాన్ని నమ్ముకోకుండా కృష్ణయ్య తండ్రి ఇంటి వెనుక కొట్టంలో డీజిల్ ఇంజన్ పెట్టి పిండిగిర్ని నడిపాడు. ఆయన పోయినా ఇంజన్ ఉంది. తుకు... తుకు... తుకు... అని అది కొట్టుకుంటుంటే ఆ బజారు మధ్యాహ్నాలు ఊయలలా ఊగేవి. పసిపిల్లలు ఆ చప్పుడుకు నిద్రపోయి, అది ఆగితే లేచి ఏడ్చేవారు. కృష్ణయ్య కూడా గిర్ని కొట్టంలో బస్తా మీద కూర్చొని కూర్చొని కునికేవాడు. కలలో ఆయన గిర్ని పెద్ద రైస్‌మిల్లు అయ్యేది, దాని ముందు లారీలు బారులు తీరేవి, లారీలన్నీ తుకు తుకుమనేవి.

లీలమ్మ కల వేరు. పెరటి గోడకు అవతల వరి పొలాలు, వాటికవతల సాగర్ కాలువ గట్టు. బట్టలు ఆరవేశాక ఆమె తడిబట్టల మధ్య ఉన్న బండ మీద ఓ అరగంట కూర్చునేది. చీరలు గాలికి ఉబ్బి మళ్లీ వాలేవి. వాటి సందుల్లోంచి పచ్చదనం కనిపించేది, మరుక్షణం మాయమయ్యేది. ఇంజన్ చప్పుడు పొలాల మీదుగా నడిచి కాలువ దాటి ఎటో పోతున్నట్టుండేది. నల్లగొండ కాలేజీలో బీఏ చదివిన మూడేళ్లలో తను బస్సు కిటికీలోంచి చూసి, దిగకుండా వదిలేసిన ఊళ్లన్నీ ఆ చప్పుడు వెంట ఒక్కొక్కటిగా వచ్చేవి. ఆ ఇంట్లో ఆమెకంటూ ఉన్న జాగా అదొక్కటే. దండెం వాకిట్లో కడితే ధోతి తెల్లగానే ఉంటుంది. కానీ వాకిట్లో కూర్చొని ఊరికే గాలిలోకి చూసే ఆడదాన్ని బజారు ఊరుకోనివ్వదు. జ్వరమా అని అడుగుతుంది.

అందుకే, కృష్ణయ్య గిర్నికి బెల్టు కొనుక్కురావడానికి నల్లగొండ వెళ్లిన రోజు, లీలమ్మ మెకానిక్ యాకూబ్‌ను పిలిపించింది. హుజూర్‌నగర్‌లో పని నేర్చి వచ్చి, హాలియాలో బోరుబావుల ఇంజన్లూ ట్రాక్టర్లూ బాగుచేసే యాకూబ్ ఆ ఇంటికి తమ్ముడి లెక్క.

"గీ పొగగొట్టం మూతి జర అటుదిక్కు తిప్పు, తమ్మీ."

యాకూబ్ గొట్టాన్ని చూశాడు, గోడను చూశాడు. "అటు తిప్పితె పొగ కిటికీ దిక్కు పోతది వదినా."

"పోనీ. కిటికీకి ధోతి కట్టలేదు గద."

"అన్నకు చెప్పిన్రా?"

"మాటలు లేవు. ఎట్ల చెప్పాలె?"

ఆ జవాబులో తప్పేమీ కనిపించలేదు యాకూబ్‌కు. శుక్రవారం కావడంతో నమాజుకు వేళవుతోంది కూడా. ఒక వంపు గొట్టం తెచ్చి బిగించి, పొగమూతిని దండెం వైపు నుంచి కొట్టం కిటికీ వైపు తిప్పి, చాయ్ తాగి వెళ్లిపోయాడు. కిటికీకి లోపలి వైపున, జానెడు దూరంలో, ఇంజన్ గాలి పీల్చుకునే డబ్బా ఉందన్న సంగతి ఆ తొందరలో ఆయనకు తట్టలేదు. ఆ డబ్బాకు పొగ పడదని లీలమ్మకు తెలియదు.

పన్నెండు రోజులు ధోతులు మల్లెల్లా ఆరాయి. కృష్ణయ్య ఆ తెల్లదనాన్ని గమనించాడు గానీ, మెచ్చుకోవాలంటే మాట్లాడాలి కాబట్టి ఊరుకున్నాడు.

పదమూడో రోజు బండ మీద కూర్చున్న లీలమ్మకు కలలో ఏదో అడ్డం పడింది. ఎప్పుడూ కాలువ దాటిపోయే చప్పుడు పొలం మధ్యలోనే ఆగి నిలబడుతోంది. తుకు... తుకు... ఒక గుటక... తుకు. ముసలాయన మెట్లెక్కుతూ నడుమ నడుమ గోడ పట్టుకున్నట్టు. ఆమె కళ్లు తెరిచి కిటికీ వైపు చూసింది. పొగ గొట్టంలోంచి బయటికి వచ్చి, బయట ఏమీ తోచనట్టు ఓ క్షణం నిలబడి, తీరిగ్గా కిటికీలోంచి మళ్లీ లోపలికి పోతోంది.

ఆమె లేచి నిలబడింది. చెప్పాలంటే మాటలు లేవు. చెబితే గొట్టం సంగతి చెప్పాలి. గొట్టం సంగతి చెబితే దండెం వాకిట్లోకి పోతుంది. రేపు చెబుదాం అనుకుంది. రేపు అంటే బండ మీది అరగంట ఇంకో రోజు మిగులుతుంది.

చెప్పకపోయినా ఏదో ఒకటి చేయాలి కదా. ఆ గాలి డబ్బా అడుగున చిన్న గిన్నె ఉంటుంది. అందులో నూనె పోస్తారు, గాలిలోని దుమ్ము ఆ నూనెకు అంటుకొని అక్కడే ఆగుతుంది. "గా గిన్నె ఎండితె ఇంజన్ ఊపిరి పోయినట్టే," అని మామగారు అనేవారని ఇంట్లో అందరికీ గుర్తు. ఎంత పోయాలో ఆయన చెప్పింది మాత్రం ఎవరికీ గుర్తు లేదు. గిన్నెలో గీత ఉంది, కానీ గీత చూడాలంటే గిన్నె ఊడదీయాలి, అది యాకూబ్ పని. లీలమ్మ మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు పక్కనున్న చిన్న మూత తీసి ఒక గరిటె నూనె పోసి వచ్చింది.

ఆమెకు తెలియనిదేమంటే, ఇంజన్ ఆయాసం కృష్ణయ్యకూ వినపడింది. ఆయన పొద్దున్నే ఒక గరిటె పోశాడు. పైగా నర్సింగమ్మ ఉంది. పోయిన పెనిమిటి చేతి వస్తువుకు ఆమె రోజూ తెల్లారగట్ల, దేవుని దీపంలో పోసినట్టు, దండం పెట్టి ఒక గరిటె పోసేది. ముగ్గురికీ మిగతా ఇద్దరూ ఇంజన్‌ను పట్టించుకోవడం లేదనే నమ్మకం.

పెండ్లి ఇంకా మూడు రోజులుందనగా యాదలక్ష్మి ఇంట్లో సకినాలకు బియ్యం నానబోశారు. ముప్పై శేర్లు. రాత్రంతా నానిన బియ్యాన్ని వడగట్టి, తడి ఆరీఆరకముందే పిండి పట్టించాలి. ఫాల్గుణ మాసపు ఎండకు పొద్దువాలితే ఆ బియ్యం పులుస్తాయి. పులిసిన పిండితో సకినాలు చుట్టి వియ్యాలవారికి సారె పంపితే, ఆ మాట బిడ్డ బిడ్డల పెండ్లి దాకా నిలుస్తుంది. ఎనిమిది మంది ఆడవాళ్లు బేసిన్లు నెత్తిన పెట్టుకొని పొద్దు పొద్దున్నే గిర్ని ముందు దిగారు.

కృష్ణయ్య హ్యాండిల్ తిప్పాడు. ఇంజన్ రెండుసార్లు దగ్గి, నల్లటి పొగ వదిలి, ఊరుకుంది. మళ్లీ తిప్పాడు. అది మళ్లీ ఊరుకుంది.

"ఏమైంది కృష్ణన్నా?" అంది యాదలక్ష్మి.

"ఏం కాలే. నిద్ర లేస్తాంది."

"గది లేచేటాళ్లకు మా పిల్ల పురుడు గూడ అయ్యేటట్టున్నది."

ఆడవాళ్లు నవ్వారు. నవ్వితే కృష్ణయ్యకు కోపం వచ్చింది. కోపానికి ఒక మనిషి కావాలి. పై బజారులో కరెంటు మోటారు గిర్ని నడిపే లచ్చయ్య గుర్తొచ్చాడు. "గాడే! నా ఇంజన్ల ఏదో పోసిండు," అంటూ ఎవరూ ఆపేలోగా ఆయన పై బజారుకు నడిచాడు.

లచ్చయ్య అప్పుడే మోటారు ఆన్ చేస్తున్నాడు. విషయం విన్నాక ఆఫ్ చేశాడు. "నీ ఇంజన్ల మట్టి పోసుడు తప్ప నాకేం పని లేదా? పో, ఇయ్యాల మీ బజారు బియ్యం ఒక్క గింజ గూడ నా గిర్నిల పడది," అని తలుపు వేసి, తాళం వేసి, తాళాన్ని రెండుసార్లు లాగి చూసి మరీ, మేళ్లచెరువు బస్సెక్కి అక్కగారింటికి వెళ్లిపోయాడు.

ఇప్పుడు ఊళ్లో ఉన్న రెండు గిర్నీల్లో ఒకటి ఊపిరాడక పడుకుంది, రెండోది అలిగి ఊరెళ్లింది. బేసిన్లలో బియ్యం ఎండెక్కుతున్నాయి. యాదలక్ష్మి నవ్వడం మానేసి వేలితో బియ్యం నలిపి వాసన చూడడం మొదలుపెట్టింది. ఆ వాసన చూడడాన్ని లీలమ్మ దండెం పక్కనుంచి చూసింది. 

యాకూబ్ వచ్చి గాలి గొట్టం విప్పాడు. విప్పి, లోపలికి చూసి, వేలు పెట్టి చూశాడు.

"అన్నా, జర ఈడికి రా. చూడు."

అరచేయి పట్టేంత గొట్టంలో చిటికెన వేలు పట్టే సందు మిగిలింది. మిగతాదంతా నల్లటి ముద్ద. మసి, నూనె కలిసి కాగి కాగి హల్వాలా గడ్డకట్టింది.

"గిదంతా ఎక్కడికెల్లి వచ్చింది?" అన్నాడు కృష్ణయ్య.

"నూనె గీ గిన్నెలకెల్లి గుంజుకున్నది. ఎవలో మస్తు పోసిన్రు. మసి మాత్రం..." యాకూబ్ తల తిప్పి కిటికీలోంచి బయటి గొట్టాన్ని చూశాడు. తను బిగించిన వంపును చూశాడు. తర్వాత దండెం దగ్గరున్న లీలమ్మను చూశాడు. లీలమ్మ ఆరిన తువ్వాలను మళ్లీ ఆరవేస్తోంది. "మసి మాత్రం అల్లాకే తెలవాలె," అన్నాడు. "ఇంజన్ తన పొగ తనే తాగుకుంట బతికింది, పాపం. అవ్వా, ఒక అట్లకాడ ఇయ్యి."

నర్సింగమ్మ అట్లకాడతో గొట్టం గీకాడు. డీజిల్‌లో ముంచి, కొబ్బరి పీచుతో రుద్ది, మళ్లీ ముంచాడు. ముద్దలు ముద్దలుగా నలుపు ఊడి పళ్లెంలో పడింది. ఎవరో నిమ్మకాయ తిప్పి దిష్టి తీశారు. మధ్యాహ్నానికి గొట్టం లోపల వెలుతురు కనిపించింది. యాకూబ్ గిన్నె కడిగి, గీత దాకా కొత్త నూనె పోసి, అంతా బిగించాడు. బయటికి వెళ్లి, ఎవరూ చూడకుండా పొగమూతిని పాత వైపుకు తిప్పేశాడు. "చేతులు కడుక్కొని వస్త. అప్పటిదాక ముట్టకుండ్రి," అని చెప్పి బోరింగు దగ్గరికి వెళ్లాడు.

ఎవరూ ముట్టలేదు. నర్సింగమ్మ ఒక్కతే లోపలికి వచ్చి, కడిగిన గిన్నె ఎండిపోయి ఉంటుందని, దండం పెట్టి ఒక గరిటె పోసింది. ఆమె వెళ్లాక కృష్ణయ్య వచ్చి, కొత్త ప్రాణం కదా అని రెండు గరిటెలు పోశాడు. ఆయన వెళ్లాక లీలమ్మ వచ్చింది. చేసిన తప్పుకు ఒక గరిటె తక్కువనిపించి మూడు పోసింది.

యాదలక్ష్మి బేసిన్‌లోని బియ్యం గిర్ని తొట్టిలో కుమ్మరించారు. యాకూబ్ హ్యాండిల్ తిప్పాడు. ఇంజన్ ఒక్క పెట్టున లేచింది. తుకు తుకు తుకు. అందరి ముఖాలూ వికసించాయి. తుకుతుకుతుకు. కృష్ణయ్య మీసం దువ్వాడు. తుకుతుకుతుకుతుకు. మీసం మీద చేయి అక్కడే ఆగిపోయింది.

"జర మెల్లగ చెయ్యి, యాకూబ్!"

"చేస్తున్న!" యాకూబ్ డీజిల్ తగ్గించాడు. ఇంజన్ ఇంకా ఎక్కువైంది. డీజిల్ పూర్తిగా బందు చేశాడు. ఇంజన్ ఇంకా ఎక్కువైంది. బెల్టు ఈల వేసింది. కొట్టం రేకులు కొట్టుకున్నాయి. గిర్ని రాళ్ల మధ్యనుంచి పిండి చెల్లాచెదురై పైకి లేచింది. తెల్లటి పొగమంచు కొట్టమంతా కమ్మేసింది. అందులో ఎనిమిది మంది ఆడవాళ్లు తెల్లటి నీడల్లా, ఎవరు ఎవరో తెలియకుండా, చేతులు చాపి ఒకరినొకరు వెతుక్కుంటున్నారు. ఎప్పుడో చూసి మరిచిపోయిన కలలోకి మళ్లీ వచ్చినట్టుంది లీలమ్మకు. చప్పుడు మాత్రం కలలోది కాదు.

"డీజిల్ కాదన్నా! గా గిన్నెల నూనె తాగుతాంది! గాలి బందు చెయ్యాలె! తడి బట్ట ఏదన్న చుట్టుండ్రి డబ్బకు! లేకుంటె పగులుతది!"

కృష్ణయ్య బస్తా అందుకున్నాడు. పొడి బస్తాలోంచి గాలి పోతూనే ఉంది. "ఆగు బాపూ, ఆగు! నీ కాల్మొక్త!" అంటున్నాడు ఇంజన్‌తో. తర్వాత, మూడు వారాల్లో మొదటిసారి, ఆ మాట వచ్చింది. "లీలా!"

"ఆఁ!" అంది లీలమ్మ. అప్పటికే ఆమె పెరట్లోకి దూకి, దండెం మీద నీళ్లు కారుతున్న ధోతిని లాగింది. నాలుగు అడుగుల్లో కిటికీ. కిటికీలోంచే చేతులు పెట్టి గాలి డబ్బా చుట్టూ ఒక చుట్టు, రెండు చుట్లు, ఐదు చుట్లు చుట్టి, రెండు చేతులా అదిమి పట్టుకుంది. ఇంజన్ ఆ గుడ్డను దాహంగా పీల్చుకుంది. ఇంకోసారి పీల్చుకుంది. తుకు... తుకు... ఒక పెద్ద నిట్టూర్పు.

నిశ్శబ్దం. పిండి మెల్లగా, తొందరేమీ లేనట్టు, అందరి మీదా దిగింది. బజారంతా పసిపిల్లలు లేచి ఏడ్చారు.

ఎక్కువైన నూనె తీసేసి, యాకూబ్ గరిటెను తన సంచీలో వేసుకొని మళ్లీ నడిపిస్తే ఇంజన్ బుద్ధిగా తిరిగింది. నాలుగు గంటలకల్లా పిండంతా పట్టారు. ఆఖరి బేసిన్ మాత్రం ఆవగింజంత పులిసిందని యాదలక్ష్మి అనుమానం.

దీపాలు పెట్టే వేళకు ఆమె మొదటి వాయి సకినాలు పంపింది. ముగ్గురూ అన్నానికి కూర్చున్నారు. ముద్దపప్పు, పచ్చిపులుసు. దండెం దగ్గర, నీళ్లలో నానేసిన ధోతి నలుపు వదలనంటోంది.

"నూనె నేను రోజొక గరిటె పోసిన," అన్నాడు కృష్ణయ్య పళ్లెం వైపు చూస్తూ.

"నేనూ పోసిన," అంది నర్సింగమ్మ.

"నేనూ," అంది లీలమ్మ. ఇక మిగిలింది ఒక్కటే. ఆమె గొంతు సవరించుకుంది. "గా గొట్టం..."

"గొట్టం సంగతి యాకూబ్ చెప్పిండు," అన్నాడు కృష్ణయ్య. "మూతి కిటికీ దిక్కు తిరిగి ఉండెనట. గాలికి తిరిగినట్టున్నది అన్నడు. ఇనుప గొట్టం గాలికి ఎట్ల తిరుగుతదే అమ్మా?"

"ఎందుకు తిరగది?" నర్సింగమ్మ సకినం విరిచింది. "నేను కండ్లార చూసిన. గా రోజు గాలి నీలం చీర కట్టుకొని వచ్చింది. యాకూబ్‌కు చాయ్ గూడ పోసింది."

లీలమ్మ నీలం కొంగు మీద పడ్డ పప్పును చాలాసేపు తుడుచుకుంది. కృష్ణయ్య ఒక ముద్ద తిన్నాడు. ఇంకో ముద్ద తిన్నాడు. పచ్చిపులుసు జుర్రి, గ్లాసు కింద పెట్టాడు.

"ఇగ ఇనుండ్రి. గొట్టం బాపు పెట్టిన దిక్కే ఉంటది. దండెం ఉన్న కాడనే ఉంటది. దాని మీద పొద్దుందాక ఒక తడి ధోతి ఉండాలె. ఆరితె మళ్ల తడపాలె. మళ్ల గిట్లయితె వాకిట్లకు ఎవలు ఉరుకుతరు?" సకినం అందుకున్నాడు. "ఇంజన్ గొంతు మారుడు నాకు కునుకుల తెలువది. రోజు మధ్యాహ్నం ఒకలు గా బండ మీద కూసొని చప్పుడు ఇనాలె. అరగంట చాలదు, గంట కూసోవాలె. గది లీల పని. రేపు పొద్దుగాల లచ్చయ్య కాడికి నేనే పోయి మాట్లాడుత."

మర్నాడు ధోతి మీద లీలమ్మ లెక్కకు తొమ్మిది మసిచుక్కలు తేలాయి. కృష్ణయ్య లెక్కలో అవన్నీ పప్పుచారు మరకలే.